అంకె ఆగింది, మీరు ఆగకండి

మొదటి వారం మూడు కిలోలు తగ్గారు. రెండో వారం ఒక కిలో. మూడో వారం సున్నా. నాలుగో వారం ఆదివారం పొద్దున చేతిలో ప్లేటు, ప్లేటులో పొగలు కక్కే లోచో, దాని మీద నూనె, సేవ్. "కీటో నా ఒంటికి పడలేదన్నా" అని పక్కింటాయనకు తీర్పు కూడా చెప్పేశారు. సూరత్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇలాంటి కథ తమ వీధిలోనే ఒకటైనా కనిపిస్తుంది.

మానేయడం తప్పేమీ కాదు. ఏ లెక్కా చూడకుండా, అంకె కదల్లేదన్న కోపంతో మానేస్తేనే నష్టం. ఎందుకంటే ఈ అలవాటు తిండి దగ్గర ఆగదు. చీటీ కట్టినా, ఇంగ్లిష్ నేర్చుకున్నా, కొత్త వ్యాపారం పెట్టినా మొదట్లో వేగంగా వచ్చిన ఫలితాన్నే మన మామూలు వేగం అనుకుంటాం. అది తగ్గగానే పని చెడిందని వదిలేస్తాం. అందుకే కీటో పథ్యంలో మూడో వారాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. అక్కడ ఎలా నిలబడాలో తెలిస్తే మిగతా చోట్ల నిలబడటం తేలికవుతుంది.

తిండిప్రియుల ఊళ్లో పథ్యం

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని గుజరాతీల సామెత. అలాంటి ఊళ్లో నోరు కట్టుకోవడం మాటలు కాదు. చలికాలం వస్తే లేత జొన్నల పోంక్, ఊంధియు. శరత్ పూర్ణిమ మర్నాడు చందీ పడవో, ఆ రోజు నేతిలో మునిగిన ఘారీ. ఏడాది పొడవునా ఖమణ్, లోచో, ఫర్సాణ్. సాయంత్రమైతే తోపుడు బండ్ల దగ్గర వెన్నలో వేగే గుడ్ల ఘోటాలా.

ఇదే ఊళ్లో వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచెల (మరమగ్గాల) పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే తెలుగు బోర్డులు కనిపిస్తాయి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఊరు మారినా మన జిల్లాల కబుర్లు ఫోన్లో వస్తూనే ఉంటాయి. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార విధానం తెలుగు నేలంతా మారుమోగింది. అన్నం బంద్, చక్కెర బంద్, కొబ్బరినూనె, నిమ్మకాయలు, నీళ్లు... యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో ఈ మాటలు వినని తెలుగిల్లు అప్పట్లో అరుదు. పిండిపదార్థాలను రోజుకు ఇరవై నుంచి యాభై గ్రాములకు కుదించి, ఒంటికి కావాల్సిన శక్తిని ఎక్కువగా కొవ్వు నుంచే రాబట్టడం కీటో సూత్రం. ఎవరి పేరుతో మొదలుపెట్టినా మూడో వారంలో అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఎందుకు ఆగింది?"

ముందు అడగాల్సింది: మొదటి వారం పోయిందేమిటి?

మన ఒంట్లో కాలేయం, కండరాలు కలిసి నాలుగైదు వందల గ్రాముల గ్లైకోజెన్ దాచుకుంటాయి. తిన్న పిండిపదార్థాలను అవసరానికి వాడుకునేందుకు శరీరం దాచుకునే రూపం అది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ వెంట సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అన్నం, రొట్టె మానేయగానే ముందు ఖర్చయ్యేది ఈ నిల్వే. అర కిలో గ్లైకోజెన్, దాంతో పాటు కిలోన్నర నీరు. వెరసి రెండు కిలోల దాకా.

అంతటితో అయిపోదు. పిండిపదార్థాలు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా బయటికి పంపుతాయి. ఉప్పు వెంట మరికొంత నీరు వెళుతుంది. మొదటి వారం మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, తలనొప్పి, నీరసం చాలావరకు దీనివల్లే. అంటే ఆ మూడు కిలోల సంబరంలో కొవ్వు వాటా చిన్నది.

ఈ సంగతి పరిశోధనల్లోనూ తేలింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన కెవిన్ హాల్ బృందం 2016లో ఒక అధ్యయనం ప్రచురించింది. అధిక బరువున్న 17 మంది మగవాళ్లను పరిశోధన వార్డుల్లోనే ఉంచి నాలుగు వారాలు మామూలు భోజనం, తర్వాత నాలుగు వారాలు అన్నే కెలొరీల కీటో భోజనం పెట్టారు. కీటోకు మారగానే బరువు గబగబా పడిపోయింది. కొవ్వు కరిగే వేగం మాత్రం తొలి రోజుల్లో తాత్కాలికంగా మందగించింది. అదే శాస్త్రవేత్త బృందం 2021లో 20 మందికి రెండు వారాలు కీటో, రెండు వారాలు కొవ్వు తక్కువున్న శాకాహారం పెట్టి చూసింది. రెండు భోజనాల్లోనూ బరువు తగ్గింది. ఒంటి కొవ్వు చెప్పుకోదగ్గంతగా తగ్గింది మాత్రం రెండో భోజనంలో. రెండు వారాల తూకం చూసి ఏ పథ్యానికీ మార్కులు వేయకూడదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కొవ్వు కరిగే అసలు వేగం

ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 కెలొరీలు ఉంటాయి. మీరు రోజుకు 500 కెలొరీలు తక్కువ తింటున్నారనుకుందాం. అది తక్కువేమీ కాదు, గట్టి ప్రయత్నమే. వారానికి 3,500 కెలొరీలు. అంటే వారానికి కరిగే కొవ్వు దాదాపు 450 గ్రాములు.

ఇప్పుడు రెండో అంకె చూడండి. తాగిన నీళ్లు, తిన్న ఉప్పు, కడుపులో ఉన్న తిండి, పట్టిన చెమటను బట్టి ఒకే మనిషి బరువు ఈరోజుకీ రేపటికీ కిలో దాకా అటూఇటూ కావడం మామూలే. వారమంతా కష్టపడి కరిగించిన 450 గ్రాములు ఆ కిలో ఊగిసలాటలో కనిపించకుండా పోవడంలో వింతేముంది? పైగా తొలి వారాల్లో నీటిని వదిలేసిన శరీరం, కొత్త తిండికి అలవాటుపడ్డాక కొంత నీటిని మళ్లీ నిలుపుకుంటుంది. కొవ్వు తగ్గుతూనే ఉంటుంది, ఆ మేరకు నీరు పెరుగుతుంది, అంకె కదలదు.

రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో ఏ వ్యాపారీ దీపావళి ముందు వారం గల్లా చూసి ఏడాది ఆదాయం లెక్కకట్టడు. పండగ తర్వాత గిరాకీ పడిపోయిందని దుకాణం మూసేయడు కూడా. ఒంటి విషయంలోనూ ఆ మాత్రం వ్యాపార బుద్ధి చూపిద్దాం.

ఆగిందని ఎప్పుడు అనాలి?

ఒక నియమం పెట్టుకోండి. వారం సగటు బరువు, నడుం కొలత రెండూ నాలుగు వారాల పాటు కదలకపోతేనే "ఆగింది" అనాలి. అంతకు ముందు ఆ మాట నోటికి రానివ్వొద్దు. దీనికి చేయాల్సింది కొంచెమే.

పొద్దున లేచి కాలకృత్యాలు తీర్చుకున్నాక, నీళ్లు కూడా తాగక ముందే బరువు చూసుకోండి. రోజూ అదే మిషన్, అదే చోటు. అంకె రాసిపెట్టి మర్చిపోండి. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగించండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. నిన్నటి అంకెతో ఈరోజు అంకెను పోల్చుకుని బాధపడటం ఇక్కడితో ఆపేయండి.

నడుం కొలతకు టేపు చాలు. బట్టల ఊళ్లో దానికి కొదవ లేదు. వారానికోసారి, మామూలుగా ఊపిరి వదిలాక, ఒకే చోట చుట్టి చూడండి. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటిన నడుమును ముప్పుగా లెక్కిస్తారు. బరువు ఆగినా టేపు లోపలికి జరుగుతోందంటే మీ పని సాగుతున్నట్టే.

ఆడవాళ్లకు ఇంకో మాట. నెలసరికి ముందు ఒంట్లో నీరు చేరి కిలో, కిలోన్నర పెరగడం సహజం. ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చితే నిరాశే మిగులుతుంది. పోయిన నెల ఇదే వారంతో పోల్చండి.

కీటోన్ స్ట్రిప్ రంగు చూసి దిగులుపడేవాళ్లూ ఉంటారు. రోజులు గడిచేకొద్దీ శరీరం కీటోన్లను వాడుకోవడం నేర్చుకుంటుంది, మూత్రంలోకి పోయేవి తగ్గవచ్చు. రంగు వెలిసిందంటే కొవ్వు కరగడం ఆగిందని అర్థం కాదు.

నిజంగానే ఆగితే? నాలుగు చోట్ల వెతకండి

ఒకటి, కనిపించని పిండి. సూరత్ పప్పులో బెల్లం ఉంటుంది. కూరలో చిటికెడు చక్కెర, కఢీలో ఇంకాస్త. పది గ్రాముల బెల్లమంటే దాదాపు పది గ్రాముల పిండిపదార్థం, రోజంతటి కోటాలో సగం వరకు. ఇక శనగపిండి సంగతి. "అన్నం ముట్టలేదు, ఖమణే కదా తిన్నాను" అంటారు. వంద గ్రాముల శనగపిండిలో యాభై గ్రాములకు పైనే పిండిపదార్థాలు. ఖమణ్, లోచో, సేవ్, గాఠియా అన్నీ శనగల సంతానమే. పోంక్ లేతదైనా జొన్నే. మన ఇళ్లలో అయితే సర్వపిండి ముక్క, పండగనాటి సకినాలు. ఒక్కటే కదా అని నోట్లో వేసుకున్నవి రాయడం మొదలుపెడితే చాలు, సగం రహస్యం బయటపడుతుంది.

రెండు, కొలత లేని కొవ్వు. కీటోలో కొవ్వుకు అడ్డు లేదన్న మాట చాలామందిని ముంచుతోంది. పెద్ద చెంచా నెయ్యి 120 కెలొరీలకు పైనే. నాలుగు చెంచాలు ఎక్కువ పడితే మీరు కష్టపడి తగ్గించిన 500 కెలొరీలు తిరిగొచ్చేసినట్టే. టీవీ ముందు కూర్చుని తినే గుప్పెడు పల్లీలు 170 కెలొరీలు, ఆ గుప్పెడు ఎప్పుడూ ఒకటితో ఆగదు. జీడిపప్పులోనైతే వంద గ్రాములకు ముప్పై గ్రాముల దాకా పిండిపదార్థాలు కూడా ఉంటాయి. ఒంటి మీదున్న కొవ్వు కరగాలంటే కంచంలో దానికి కాస్త చోటు వదలాలి. ఆకలి తీరడానికి గుడ్లు, చేపలు, చికెన్, పనీర్ పెంచండి, నూనెను చెంచాతో కొలవండి. ఘోటాలా తినొచ్చు, వెన్న తగ్గించమని చెప్పండి, పావ్ పక్కన పెట్టండి.

మూడు, నిద్ర. సాంచెల మీద పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నిద్ర చాలని మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి, వేపుళ్ల మీదికి మనసు పోతుంది. రాత్రి షిఫ్టువాళ్లు తెల్లవారి ఇంటికొచ్చి గది చీకటి చేసుకుని పడుకోవడం, షిఫ్టు మధ్యలో తినేది ఇంటి నుంచే డబ్బాలో తెచ్చుకోవడం పథ్యంలో భాగమనుకోవాలి. డబ్బా లేని రాత్రి గేటు బయటి బండే దిక్కవుతుంది.

నాలుగు, కొత్త కసరత్తు. బరువు ఆగిందని జిమ్‌లో చేరితే మొదటి రెండు వారాలు బరువు ఇంకా పెరగొచ్చు. నొప్పులు పట్టిన కండరాలు నీటిని పట్టి ఉంచుతాయి. దానికి భయపడి జిమ్ మానకండి.

ఒక్కసారికి ఒక్క మార్పు

బరువు ఆగగానే మనవాళ్లు చేసే పని తెలిసిందే. పాలు బంద్, గుడ్లు బంద్, రాత్రి భోజనం బంద్, పొద్దున గంట నడక, అన్నీ సోమవారం నుంచే. శుక్రవారానికి ఓపిక బంద్. ఒకవేళ బరువు తగ్గినా, ఈ నాలుగింట్లో ఏది పనిచేసిందో తెలియదు. తెలియని విజయాన్ని మళ్లీ సాధించలేం.

అందుకే నాలుగు వారాలకు ఇలా పంచుకోండి. మొదటి వారం ఏమీ మార్చకండి, తిన్నదంతా రాయండి. రెండో వారం రాసినదాంట్లోంచి దాగిన పిండిపదార్థం ఒకటి తీసేయండి. బయటి పప్పో, సేవో, ఏదైనా ఒకటే. మూడో వారం నూనె, నెయ్యి, పల్లీలు కొలిచి వాడండి. నాలుగో వారం నిద్రకు అరగంట కలపండి. ప్రతి ఆదివారం సగటు, నడుం కొలత రాసుకోండి. నెలాఖరుకు మీ ఒంటి గురించి ఏ యూట్యూబ్ వీడియో చెప్పలేని సంగతులు మీ చేతిలో ఉంటాయి.

జారిన రోజు ఏం చేయాలి?

జారతారు. చందీ పడవో నాడు మిత్రుడి ఇంట్లో ఘారీ వద్దనడం కష్టం. పెళ్లిలో వదిన చేత్తో వడ్డించిన అన్నం వదిలేయడమూ కష్టమే. మర్నాడు బరువు కిలోన్నర పెరిగి కనిపిస్తుంది. అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు.

లెక్క గుర్తు తెచ్చుకోండి. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి 7,700 కెలొరీలు తినాలి. ఒక్క పూటలో అంత తినడం మామూలు మనిషికి చేతకాదు. తిన్న అన్నం గ్లైకోజెన్‌గా మారి తన నీటిని వెంటబెట్టుకొచ్చింది, ఉప్పు మరికొంత నీటిని ఆపింది. మామూలు తిండికి తిరిగొస్తే మూడు నాలుగు రోజుల్లో ఆ నీరు దిగిపోతుంది. జారిన పూటకు శిక్షగా మర్నాడు పస్తుండకండి. తర్వాతి భోజనం మామూలుగా తినండి, అంతే.

మాట సాయం కూడా ముందే సిద్ధం చేసుకోండి. "వదినా, కడుపు నిండిపోయింది, ఆ చేప ముక్క వెయ్యి చాలు" అంటే ఎవరూ నొచ్చుకోరు. పథ్యం గురించి పావుగంట ఉపన్యాసమిస్తే మాత్రం పంతానికైనా మరో గరిటె వడ్డిస్తారు.

డాక్టర్ దగ్గర దాచొద్దు

ఇక్కడ ధైర్యం చూపించకండి. షుగర్‌కు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతూ పిండిపదార్థాలు ఒక్కసారిగా మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఇంకో ముప్పు ఉంది. చక్కెర మరీ ఎక్కువగా కనిపించకుండానే రక్తం ఆమ్లమయమయ్యే స్థితి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ మందుల మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. ఉప్పు నీళ్లు తాగితే నీరసం పోతుందని ఎవరో చెప్పారని బీపీ ఉన్నవాళ్లు సొంతంగా ఉప్పు పెంచకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాలు, కాలేయం, క్లోమ గ్రంథి జబ్బులున్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా కీటో జోలికే వెళ్లొద్దు. మొదలుపెట్టే ముందొకసారి, మూడు నెలలకొకసారి కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోండి, కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. నాలుగు వారాలు అన్నీ సరిగ్గా చేసినా అంకె కదలకపోతే థైరాయిడ్ పరీక్ష గురించి అడగండి.

పట్టుదలకూ మొండితనానికీ మధ్య

పట్టుదల అంటే ఒకే దారిని పట్టుకుని వేలాడటమని చాలామంది భ్రమ. కీటో అసలు బరువు తగ్గడానికి పుట్టిందే కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం దాన్ని ప్రతిపాదించారు. బరువు తగ్గడానికి అదొక్కటే మార్గం కూడా కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని ఏడాది పాటు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించింది. కొవ్వు తగ్గించుకుని తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించుకుని తిన్నవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. అసలు తేడా ఒక్కో గుంపు లోపలే కనిపించింది. ఒకే పద్ధతి పాటించినవాళ్లలో ముప్పై కిలోలు తగ్గినవాళ్లున్నారు, బరువు పెరిగినవాళ్లూ ఉన్నారు.

కాబట్టి నాలుగు వారాల నోటుపుస్తకం "ఇది నీకు పనికిరాదు" అని చెబితే దారి మార్చండి. జొన్నరొట్టె ఒకటి, కూర రెండింతలు, పప్పు, గుడ్డు, మజ్జిగతో సాగే మామూలు తిండికి రండి. అంకెలు చూసి తీసుకున్న ఆ నిర్ణయాన్ని ఎవరూ ఓటమి అనలేరు. పుస్తకంలో ఏమీ రాయకుండా కోపంతో మానేసినవాళ్లకు మాత్రం వచ్చే ఏడాది ఇదే మూడో వారం మళ్లీ ఎదురొస్తుంది.

చివరగా, కొనసాగాలో మానాలో తేల్చుకునే ముందు మీకు మీరే ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఇప్పుడు తింటున్న తీరులో వచ్చే చందీ పడవో దాకా, ఇంట్లో అందరితో కలిసి, విసుక్కోకుండా తినగలనా?" అవును అనిపిస్తే అంకె కోసం తొందరపడకండి. కాదు అనిపిస్తే తినగలిగేది ఏదో ఈ వారమే వెతకడం మొదలుపెట్టండి.